పత్రిక చిత్రమునకు ప్రేరణ యెక్కడిది?

పత్రికను చేతబట్టిన పాఠకుడు మొదట చదువడు, చూచును. కథ యేదో, కర్త యెవరో తెలియకముందే ముఖచిత్రము వానితో మాటలాడును. పిదప శీర్షిక యొక్క అక్షరములు, కథకు నెత్తిమీద నున్న బొమ్మ, పుటలో విడిచిన తెల్లని చోటు, ఇవి యొకదాని వెంట నొకటి వానిని లోనికి దీసికొనిపోవును. ఈ నిర్ణయములు చేయువానిని నేటి పత్రికాలయములలో ఆర్టు డైరెక్టరు అనుచున్నారు. వారపత్రిక యైనచో ఏటికి 52 ముఖచిత్రములు, వానికి ఎన్నో రెట్లు లోపలి బొమ్మలు సిద్ధపరుపవలసిన భారము ఈతనిదే. వారము తప్పినను ముద్రాయంత్రము ఆగదు. ప్రతి పర్యాయమును క్రొత్త భావము ఎక్కడినుండి తెచ్చుట?

ఈ ప్రశ్నకు నేడొక తొందర వచ్చినది. సికిందరాబాదునే చూడుడు. ఇచ్చటి సరోజినీదేవి వీధినుండి ఆంధ్రభూమి వారపత్రిక చిరకాలము వెలువడెను. సికరాజుగారి సంపాదకత్వమున దాని ధారావాహిక నవలలకొరకు పాఠకులు వారము వారము ఎదురు చూచిరి. ఆ నవలల పాత్రలకు మొదటి ముఖములు ఇచ్చినవారు చిత్రకారులే. 2020లో ఆ పత్రిక ముద్రణ నిలిచిపోయెను. అంతకు ముందే, 1991లో, ఆంధ్రపత్రికయు భారతియు ఆగినవి. 2010వ దశకమున చందమామ అస్తమించెను. పత్రిక మూతపడినపుడు సంపాదకుని కుర్చీతోబాటు చిత్రకారుని బల్లయు లేచిపోవును. మిగిలిన పత్రికలలో ననేకము సిద్ధముగా నమ్ముడుపోవు బొమ్మలను కొని అతికించుచున్నవి. నాలుగు మాటలు చెప్పి యంత్రముచేత బొమ్మ గీయించుకొనుటయు మొదలైనది. ఇట్టి సమయమున ప్రేరణమనగా నేమో, అది యెట్లు కలుగునో స్పష్టముగా చెప్పుకొననిచో ఆర్టు డైరెక్టరు పదవియే అనవసరమని యజమానులు తీర్మానింతురు.

ప్రేరణ ఆకాశమునుండి పిడుగువలె పడునని లోకమున నొక భ్రాంతి గలదు. మన అలంకారికులు అట్లు తలపలేదు. కావ్యహేతువును విచారించిన మమ్మటుడు మూడింటిని చెప్పెను: సహజమైన శక్తి, లోకమును, శాస్త్రములను, కావ్యములను పరిశీలించుటవలన గలుగు నిపుణత, తెలిసినవారి శిక్షణలో చేయు అభ్యాసము. ఈ మూడును వేర్వేరు హేతువులు గావు, కలిసి యొకే హేతువని యాతని సిద్ధాంతము. శక్తి దైవదత్తము, దానిని గూర్చి మేము చెప్పగలిగినది లేదు. లోకావేక్షణము, గ్రంథపఠనము, అభ్యాసము మాత్రము మనుష్యుని చేతిలోనివి. ఆర్టు డైరెక్టరు చేతిలోను, ఆతనికి జీతమిచ్చు యజమాని చేతిలోను ఉన్నవి. మా వాదమంతయు నీ మూటిమీదనే.

మొదట లోకము. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ పట్టణమును జనులు నేటికిని లష్కరు అనియే పిలుతురు. దండు వెంట వచ్చిన తమిళులు, పార్సీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియనులు, చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన తెలుగువారు ఒకే బజారులో నడచిన చోటిది. మోండా బజారులో తెల్లవారుజామున కూరగాయల బుట్టలు దిగునప్పటి రంగులను ఏ వర్ణశాస్త్ర గ్రంథమును నేర్పలేదు. ఆషాఢమున ఉజ్జయినీ మహంకాళి బోనములు వచ్చును. 1813లో మశూచివలె వ్యాపించిన కలరా శాంతించినచో అమ్మవారిని నిలిపెదనని ఉజ్జయినిలో మ్రొక్కుకొన్న డోలీ మోయు సురిటి అప్పయ్య, 1815లో ఇచ్చట కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెనని స్థలకథ. పసుపు, కుంకుమ, వేపమండ, సున్నపు పట్టెలు, కుండపై దీపము: పరిమితమైన రంగులతో నింతటి మహోజ్జ్వల దృశ్యమును మన స్త్రీలు ఏటేట రచించుచున్నారు.

అయినను ప్రతి ఆషాఢమునను పత్రికలు చూపునదేమి? కొరడా పట్టిన పోతురాజు, నాలుక వెలిబెట్టిన ముఖము. నిరుటి బొమ్మకును ఈ యేటి బొమ్మకును సంవత్సరము మాత్రమే భేదము. ఇది లోకావేక్షణము కాదు, నిరుటి పత్రికావేక్షణము. ఉత్సవములో నిలిచి చూచినవానికి వేరు బొమ్మలు దొరకును. తలపై బోనము కదలకుండ మెడ నిలిపిన తీరు, ఒక చేయి కుండ నంటి యుండగా రెండవ చేత బిడ్డను పట్టుకొన్న తల్లి, రంగమునాడు పచ్చికుండపై నిలిచి భవిష్యము చెప్పు స్త్రీ పాదములు, ఆమె మాటకొరకు చెవి యొగ్గిన వృద్ధుని కనుబొమలు. ఇట్టి వానిలో నొక్కటి ముఖచిత్రమైనచో పాఠకుడు తాను ప్రతియేడు చూచినదానినే మొదటిసారి చూచినట్లు తలచును. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య ఇట్టి చూపుతోనే బోనములను, పల్లె స్త్రీలను, పనిపాటలను చిత్రించెను. నకాషీ పద్ధతి యాతనికి చేరువలోనే యుండెను. దానిని ఎత్తి వ్రాయక, దాని రంగుల ధైర్యమును మాత్రము గ్రహించి తన రేఖను తాను నిర్మించుకొనెను.

ఈ సందర్భమున హరిపుర మహాసభ జ్ఞప్తికి వచ్చును. 1938లో గుజరాతులోని హరిపురమున కాంగ్రెసు సమావేశమునకు గాంధీజీ కోరికపై నందలాల్ బోసు అలంకరణ చేపట్టెను. ఆయన సమీప గ్రామములలో దిరిగి జనులను గీసికొనెను. డోలు వాయించువాడు, చెప్పులు కుట్టువాడు, మల్లుడు, వంటచేయు స్త్రీ, వీరే ఆ చిత్రములకు నాయకులైరి. శిష్యుల సాయముతో దాదాపు 400 ఫలకములు సిద్ధమైనవి. అవి చిత్రశాల గోడలకొరకు గావు. దారిన బోవు వేలకొలది గ్రామీణులు నడచుచు చూచుటకు. గడువు స్వల్పము, ద్రవ్యము స్వల్పము, చూచువాడు సామాన్యుడు. పత్రికా చిత్రకారుని స్థితియు సరిగా నిదియే గదా! ఆ యిబ్బందులు నందలాలునకు ప్రేరణకు అడ్డురాలేదు; రేఖను సూటిగా జేసినవి.

రెండవది పఠనము. కథకు బొమ్మ గీయువాడు కథను చదువవలెననుట చెప్పనక్కరలేని మాటగా తోచును. కాని అనేక పత్రికాలయములలో చిత్రకారునకు అందునది కథ కాదు; చిన్న చీటి. ‘ఒక యువతి, కిటికీ, వాన’ అని దానిలో నుండును. చీటికి తగిన బొమ్మయే వచ్చును. ఆ యువతి యే కథలోనిదైనను గావచ్చును. యంత్రము గీయు బొమ్మయు చీటికి వచ్చు బొమ్మయే. కావున యంత్రము వచ్చి చిత్రకారుని తొలగించినదనుటకంటె, చీటి వ్రాయు అలవాటుచేత మనమే వానిని ముందు యంత్రముగా జేసితిమనుట న్యాయము.

పూర్తిగా చదివినవాడు చేయగలిగినదానికి వంగదేశమున నొక నిదర్శనము గలదు. సత్యజిత్ రాయి 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అను ప్రకటనల సంస్థలో చిత్రకారుడుగా చేరెను. సిగ్నెట్ ముద్రణాలయమువారు ‘పథేర్ పాంచాలి’ నవలను బాలురకై సంగ్రహించి ప్రకటించునపుడు దానికి బొమ్మలు గీయు పని ఆయనకు వచ్చెను. ఆ బొమ్మలకై చేసిన పఠనమే ఆయన మనస్సున నాటుకొని, 1955లో చలనచిత్రమై లోకప్రఖ్యాతి నొందెను. మన దేశములో వడ్డాది పాపయ్య మద్రాసు పత్రికాలయములకు దూరముగా కశింకోటలో నివసించుచునే చందమామకు, యువకు ముఖచిత్రములు పంపెను. పురాణ నాయికలు, రాగములు, ఋతువులు ఆయన కుంచెకు వస్తువులు. ఆ చిత్రములలో నగ యొక్కటి తప్పు చోట నుండదు, చీరకట్టు కథాకాలమునకు దప్పదు. సాహిత్యము తెలిసిన చేయి గనుక. చందమామలో బేతాళ కథకు శంకర్ గీసిన చిత్రము, కత్తి చేతబట్టి శవమును భుజమున మోయుచున్న విక్రమార్కుడు, దేశమంతట బాలురకు కథ పేరు చెప్పకయే కథను చెప్పినది.

పఠనమనగా పుస్తకములు మాత్రమే గావు. విష్ణుధర్మోత్తరమున వజ్రుడు ప్రతిమాలక్షణము నడుగగా మార్కండేయుడు చిత్రము తెలియనిదే ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియనిదే చిత్రము తెలియదనియు, ఇట్లే వాద్యగీతముల వఱకు తీసికొనిపోవును. ఒక కళకు ప్రేరణ దాని ప్రక్క కళలో నుండునని దీని తాత్పర్యము. పుట కూర్చువానికి చేర్యాల పటము మంచి పాఠము. చింతగింజల జిగురుతోను సుద్దతోను గట్టిపరచిన గుడ్డపై ఎఱ్ఱని నేల పరచి, కథను గళ్లు గళ్లుగా విభజించి, కథకుడు చుట్ట విప్పుకొలది ప్రేక్షకునకు ఘట్టము వెంట ఘట్టము చూపును. ఎక్కడ ఆపవలెనో, ఎక్కడ పెద్ద గడి యీయవలెనో ఆ నకాషీలకు దెలియును. పుట తిప్పించుటయను విద్య యిదియే. ఇక వేషభూషల సత్యమునకు సికిందరాబాదులో చిత్రశాల నడపిన రాజా దీనదయాళుని ఛాయాచిత్రములు గలవు. ఆరవ నిజాము కాలపు దర్బారులు, సౌధములు, మనుష్యులు వానిలో నిలిచియున్నారు. ఆ కాలపు కథకు బొమ్మ గీయువాడు వానిని చూడక సినిమా దుస్తులను చూచి గీసిన క్షమింపరానిది.

మూడవది అభ్యాసము, పత్రిక విషయమున దీనికి ముద్రణాలయమనియే పేరు. పూర్వము రేఖాచిత్రమునకు లైను బ్లాకు చేయించెడివారు. దానిలో నలుపు, తెలుపు దప్ప మధ్యవర్ణము రాదు. హాఫ్‌టోను బ్లాకు చేయింపవచ్చును గాని వార్తాపత్రిక ముతక కాగితముపై అది సిరా పీల్చి మసియగుచుండెను. అందుచేత ఛాయలన్నియు రేఖయే చెప్పవలసివచ్చెను. బాపు రేఖ ఆ నిర్బంధములో పెరిగినది. ఒక్క గీత వంపులో నడుము, కోపము, కొంటెతనము వచ్చుటకు కారణము ప్రతిభ మాత్రమే గాదు. వేరు దారి లేని బ్లాకు కూడ. నేడు ఆఫ్‌సెట్టు, కంప్యూటరు అన్ని రంగులను ఇచ్చుచున్నవి. నిర్బంధము తొలగినది గనుక దానిని ఆర్టు డైరెక్టరు తానే విధించుకొనవలెను. ఈ సంచికకు మూడు రంగులే యని తీర్మానించినవానికి భావము త్వరగా దొరకును. కోటి రంగుల యెదుట కూర్చున్నవాడు తెల్లవారువఱకు వెదకుచుండును.

అక్షరము సంగతి మరింత ముఖ్యము. ఆంగ్ల పత్రికలోని పుటను చూచి తెలుగు పుట కూర్చువారు గలరు. తెలుగక్షరమునకు పైన తలకట్టు, గుడి. క్రింద వత్తు, కొమ్ముల తోకలు. ఆంగ్లమునకు చాలిన యెడము తెలుగు పంక్తులకు చాలదు. పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని కొట్టును. చదువరి కన్ను తడబడును. అనుకరణము భావమున విఫలమగుటకు ముందే అక్షరమున విఫలమగును. బాపు తన శీర్షికలను చేతితో వ్రాసి, తెలుగు గుండ్రదనమునే అందముగా మలచెను. ఆ వ్రాత పిదప ముద్రాక్షరముగా కూడ వెలసినది. అక్షరమును బాగుగా చూచినవానికి అదియే ప్రేరణ యైనది.

ఇంతమాత్రమున పరదేశ చిత్రములను చూడరాదని మేమనుట లేదు. స్వదేశీ చిత్రకళకు మూలపురుషుడైన అవనీంద్రనాథ ఠాగూరే కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారులవద్ద నీటిరంగులు కడుగు పద్ధతిని గ్రహించెను. ఆ సంప్రదాయమును ప్రమోదకుమార చటోపాధ్యాయుడు బందరు జాతీయ కళాశాలకు దెచ్చెను. ఆయనవద్ద నేర్చిన అడివి బాపిరాజు తరువాత 1940వ దశకమున హైదరాబాదులో మీజాను తెలుగు దినపత్రికకు సంపాదకుడయ్యెను. జపానునుండి కలకత్తాకు, కలకత్తానుండి బందరుకు, బందరునుండి భాగ్యనగరమునకు విద్య ప్రయాణము చేసినది. వచ్చినది పద్ధతి, వస్తువు మాత్రము మనది. పద్ధతిని నేర్చుట విద్య, వస్తువునే ఎత్తుకొనుట దారిద్ర్యము.

కావున మేము యజమానులకు విన్నవించునది స్వల్పము. చిత్రకారునకు చీటి గాదు, కథ పూర్తిగా నిండు. గడువునకు ముందురోజు గాక, చదివి మరచి మరల తలచుకొనుటకు వ్యవధి యుండునట్లు ఇండు. వారమునకొక పూట ఆతనిని బల్లనుండి లేపి బజారునకు పంపుడు. అది సెలవు గాదు, పని. బొమ్మక్రింద ఆతని పేరు వేయుడు. ముద్రణానంతరము మూలచిత్రమును ఆతనికి తిరిగి యిండు. ప్రతిఫలము కథకునకు వలెనే వేళకు చెల్లింపుడు. కొని అతికించిన బొమ్మకు ఖర్చు తక్కువయనుట నిజమే. కాని అదే బొమ్మ ఎదుటివాని పత్రికలోను కనబడినపుడు, మన పత్రికనే కొనవలసిన హేతువు పాఠకునకు ఒకటి తగ్గును.

చిత్రకారులకు చెప్పవలసినదియు గలదు. ప్రేరణ రాలేదను మాట వారపత్రికలో చెల్లదు. రానిచో వెళ్లి తెచ్చుకొనవలెను. దారి మూడు దిక్కుల దెఱచియే యున్నది. పాఠకులును కథ బాగున్నదని ఉత్తరము వ్రాయునపుడు బొమ్మను గూర్చి రెండు పంక్తులు చేర్చిన మేలు. బాగున్నచో బాగున్నదనియు, కథలో నీలిచీర యుండగా బొమ్మలో ఎఱ్ఱచీర యేల యనియు అడుగుడు. ఆ ప్రశ్న వచ్చునని తెలిసిన పత్రికాలయములో చిత్రకారుడు కథను చదివి తీరును.