సీతాఫలపు చెట్టు

సీతాఫలమును గూర్చి చెప్పుటకు ఒక రేడియో ప్రసంగము కావలెనా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆశ్వయుజ కార్తికములలో గంపలకొలది ఊరిలోనికి దిగు పండు, దానిని ఎఱుగనివారెవ్వరు? అయినను బాగుగా ఎఱిగిన వస్తువునందే మనము గమనింపని సంగతులు కొన్ని మిగిలియుండును. ఈ చెట్టులో అమృతమువంటి గుజ్జును, దానిలోపలనే విషముగల గింజయు ఉన్నవి. ఆ గింజను గూర్చి హెచ్చరించుటయే నా ముఖ్యోద్దేశము. కాని చెట్టును విడిచి గింజవద్దకు దుముకుట న్యాయము కాదు.

ముందుగా పేరు. వనవాసకాలమున సీతమ్మ ఆరగించిన పండు కనుక ఆమె పేరు వచ్చినదని మన యిండ్లలో చెప్పుకొందురు. దానికి తోడుగా రామాఫలమును, లక్ష్మణఫలమును ఉన్నవి. అయితే వృక్షశాస్త్రజ్ఞులు వేఱొక మాట చెప్పుదురు. ఈ మూడు చెట్లును ఒకే కుటుంబమునకు చెందినవి. వాని జన్మభూమి అమెరికాఖండములోని ఉష్ణప్రదేశములు. 16వ శతాబ్దమున పోర్చుగీసు నావికులు దీనిని మన తీరమునకు తెచ్చిరని పలువురి యభిప్రాయము. వంగదేశమువారు దీనిని ఆతా యందురు; మలయాళదేశమున ఆత్త యందురు; బ్రెజిలు దేశములోను దీని పేరు ఆతాయే. ఈ పోలిక త్రోసిపుచ్చదగినది కాదు.

ఎదుటిపక్షమువారును లేకపోలేదు. 19వ శతాబ్దమున పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండరు కన్నింగుహాము బర్హుతు, మథుర శిల్పములలో సీతాఫలము చెక్కబడియున్నదని వాదించెను. అది పనసయో కదంబమో కావచ్చునని ఇతరులు బదులు చెప్పిరి. ఉత్తరప్రదేశములోని త్రవ్వకములలో దొరికిన కాలిన సీతాఫలపు గింజను గూర్చి 2009లో ఒక పరిశోధనపత్రము వెలువడి, పోర్చుగీసువారికంటె ఎంతో పూర్వమే ఈ చెట్టు ఇచ్చట ఉన్నదేమో యను ప్రశ్నను మరల లేవదీసినది. నా మట్టుకు నాకు సముద్రముమీదుగా వచ్చినదను మాటయే నమ్మదగినదిగా తోచును. అంతమాత్రమున దాని గౌరవమునకు కొఱత లేదు. మిరపకాయయు అట్లు వచ్చినదే. అది లేని పచ్చడిని మనము ఊహింపగలమా?

ఎచ్చటినుండి వచ్చినను, మన గుట్టలను మాత్రము ఇది తన పుట్టినిల్లు చేసికొన్నది. పాలమూరు జిల్లా గుట్టలమీద ఎవ్వరును నాటక, నీరు పోయక, రాళ్ల సందులలో గుబురులు గుబురులుగా పెరుగుచుండును. ఆ జిల్లాలోని బాలానగరు పేరు ఒక మేలిరకమునకే పెట్టబడి దేశమంతట వ్యాపించినది. నిలువెత్తు దాటి రెండు మూడు నిలువుల వఱకు పెరుగునుగాని, మొదటినుండియే కొమ్మలు వేయుటచే చెట్టనుటకంటె పొద యనుటయే ఒప్పును. వేసవిలో ఆకు రాల్చి, నీటి యెద్దడిని ఓర్చుకొని, తొలకరికి మరల చిగిర్చును. ఆకును నలిపినచో ఒక ఘాటైన వాసన వచ్చును. అన్నిటిని మేయు మేకకూడ దీనిని ముట్టదు. కాపరులున్న గుట్టలమీద తక్కిన మొక్కలన్నియు నశించినను ఇది నిలిచియుండుటకు ఈ వాసనయే కారణము.

ఇక పూవు. దానిని నిలిచి చూచినవారు అరుదు; ఏలయనగా చూడదగినంత అందము దానికి లేదు. ఆకుపచ్చని రంగుతో, మూడు దళసరి రేకులతో, తల వంచుకొని వ్రేలాడుచుండును. కాని దాని నడవడి చిత్రమైనది. ఒకే పూవులో ఆడుభాగమును మగభాగమును ఉన్నను, రెండును ఒకేవేళ సిద్ధము కావు. ముందు ఆడుభాగము పుప్పొడిని అందుకొనుటకు సిద్ధమగును. అది వాడిన తరువాతనే మగభాగము పుప్పొడిని విడుచును. అందుచేత ఒక పూవు తన పుప్పొడితో తాను పిందె కట్టుట కష్టము. వాసనకు ఆశపడి రేకుల నడుమ దూరు చిన్నచిన్న పెంకుపురుగులు పుప్పొడిని ఒక పూవునుండి వేఱొక పూవునకు మోసికొనిపోవలెను. వేసవి యెండలో గాలి పొడిగానుండుటచే పూచిన పూవులలో అధికభాగము రాలిపోవును. వానలు పడి గాలిలో తేమ చేరిన పిదప పూచినవే ఎక్కువగా నిలుచును. పూత విరగబూచినను కాపు లేదేమని చింతించువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

పండుమీద కనబడు ఒక్కొక్క కన్నును పూవులోని ఒక్కొక్క బీజకోశమునుండి పుట్టినదే. అనేకమైన చిన్న పండ్లు ఒకదానికొకటి అతుకుకొని ఒక పండైనవని చెప్పవలెను. పుప్పొడి సోకిన కన్నులో గింజయు దాని చుట్టు తొనయు ఏర్పడును. సోకనిచోట పండు పెరుగక నొక్కుకొనిపోవును. ఒక వైపు ఉబ్బి ఒక వైపు లోతుబడిన వంకరపండ్లు అట్లు కలుగుచున్నవి.

కోతను గూర్చి కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. కన్నులు బాగుగా ఎడమై, వాని నడుమ పసుపువన్నెగానో లేత గులాబివన్నెగానో గీతలు తేలినప్పుడు కాయ పక్వమునకు వచ్చినట్లు. అట్టిదానిని కోసి గడ్డిలోనో గోనెలోనో ఉంచినచో మూడు నాలుగు దినములలో మెత్తబడును. అంతకు ముందే కోసినది పండదు. తొక్క నల్లబడి, గట్టిపడి, పారవేయుటకు తప్ప పనికిరాదు. పొరుగువాడు ముందు కోయునేమో యను భయముచేత లేతకాయలను దూసివేయుట గుట్టలమీద ప్రతి యేటను జరుగుచున్న నష్టము. నష్టపడువారు ఎవ్వరు? కూలిపనులు తక్కువగానుండు దినములలో ఈ కాయలను ఏరి బాటప్రక్కన అమ్ముకొని గడుపుకొను బీదకుటుంబములవారే. ఊరి పెద్దలు కూడి, కన్ను విడువని కాయను కోయరాదని ఒక కట్టుబాటు చేసినయెడల, సర్కారు ఉత్తరువు అక్కరలేకయే ఈ నష్టము తగ్గును.

తినుటను గూర్చి మీకు నేను నేర్పవలసినది లేదు. ఒక్క మాట మాత్రము: దీని తీపి యంతయు చక్కెరయే. మధుమేహము గలవారు ఒక్క పండే గదా యని మోసపోరాదు.

ఆకునకు మన పల్లెలలో పలు ఉపయోగములున్నవి. పశువుల పుండ్లకు పురుగు పట్టినప్పుడు ఆకును నూఱి కట్టుదురు. ప్రకృతి వ్యవసాయము చేయువారు పది విధముల ఆకులను నానవేసి తయారుచేయు దశపర్ణి కషాయములో దీనిని చేర్చుదురు. పురుగును చంపు గుణము ఆకునందును గింజయందును నిజముగా కలదని రసాయన పరిశోధనలు నిరూపించినవి. పూర్వులు అనుభవముచే కనుగొన్నది వట్టిమాట కాదు. అయితే పురుగును చంపునది మనుష్యునకు మేలే చేయునని అనుకొనుట పొరపాటు. ఆకు కషాయమును దినదినము త్రాగుట మంచిదని ఈ నడుమ కొందఱు ప్రచారము చేయుచున్నారు. కరీబియను సముద్రములోని గ్వాడెలూపు ద్వీపమున ఈ కుటుంబపు పండ్లను, ఆకుల కషాయమును విశేషముగా వాడినవారిలో వణుకు, బిగువు కలిగించు ఒక నరముల వ్యాధి అధికముగా కనబడినదని 1999లో వైద్యులు ప్రకటించిరి. ఆ వ్యాధికి ఇదియే కారణమని ఇంకను రూఢి కాలేదు. అనుమానము మాత్రము బలముగానున్నది. కాలములో అప్పుడప్పుడు పండు తినుటకు దీనివలన జంకనక్కరలేదు. కషాయమును అలవాటు చేసికొనకుండుట మేలు.

ఇప్పుడు గింజ. నల్లగా నిగనిగలాడు ఈ గింజకు పెంకు గట్టిది. పిల్లవాడు పొరపాటున ఒకటి రెండు మ్రింగినను అది పగులక అట్లే వెలికి పోవును. భయపడవలసిన పని లేదు. నమిలినను, నూఱినను లోపలి విషము బయటపడును. గర్భిణులు దీనిని ఏ రూపమునను కడుపులోనికి తీసికొనరాదు. ఆడుపిల్లల తలలో పేలు పడినప్పుడు ఈ గింజలపొడిని నూనెలో కలిపి పట్టించు నాటువైద్యము మన రెండు తెలుగు రాష్ట్రములలోను చిరకాలమునుండి ఉన్నది. పేలు చచ్చుమాట నిజమే. కాని తల కడుగునప్పుడు ఆ నీరు కంటిలోనికి జాఱినయెడల, లేదా పొడి ఎగిరి కంటబడినయెడల, నల్లగ్రుడ్డుపైనున్న పలుచని పొర పుండై, భరింపరాని మంటయు, ఎఱుపును, చూపు మందగించుటయు కలుగును. ఇట్టి రోగులను మన దేశపు కంటివైద్యులు పలుమాఱులు చూచి వ్రాసియున్నారు. వెంటనే వైద్యము జరిగినచో తఱచుగా కొలది దినములలో మానును. అశ్రద్ధ చేసి పుండులో చీము చేరినచో కంటిలో పువ్వు మిగులవచ్చును. పేల కొఱకు కన్ను పోగొట్టుకొనుట ఏ లెక్కను చూచినను గిట్టుబాటు బేరము కాదు.

కావున మీ యింటి స్త్రీలకు చెప్పుడు. తలను తడిపి, నూనె రాచి, సన్నపండ్ల పేలదువ్వెనతో రెండు మూడు దినములకొకమాఱు ఓపికగా దువ్వినచో పేలు పోవును. ఒకవేళ గింజలపొడి కంటబడినదా, కన్ను నులుమరాదు. చనుబాలు, ఆముదము మొదలగునవి పోయరాదు. శుభ్రమైన నీటితో పావుగంటసేపు కడిగి, ఆ పూటనే కంటివైద్యునివద్దకు తీసికొనిపోవలెను. ఏమి పడినదో దాచక చెప్పవలెను.

గింజను నాటుటకు వాడుకొనుడు. ఒక దినము నీటిలో నానవేసి తొలకరికి పాతినచో, మొలచుటకు నెల దినములైనను పట్టును. తొందరపడి త్రవ్వి చూడరాదు. మూడు నాలుగేండ్లకు కాపు వచ్చును. గింజమొక్క తల్లిని పోలునను నమ్మకము లేదు గనుక, మంచి రకమే కావలెననువారు అంటుమొక్కను తెచ్చుకొనవలెను. నీరు నిలుచు నల్లరేగడి దీనికి సరిపడదు. మీ పొలములో దేనికిని పనికిరాదని విడిచిన గరపనేల, రాతిగట్టు చాలును.