వేట కాలంలో కొండదారి ఎవరిది?

ఏటా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా స్కాట్లాండ్ హైలాండ్స్ కొండలకు రెండు రకాల మనుషులు ఒకేసారి చేరతారు. కొండదారుల్లో సైకిల్ తొక్కడానికి మౌంటెన్ బైక్ తెచ్చుకునేవాళ్లు కొందరు. తుపాకీ పట్టి జింకల వేటకు వచ్చేవాళ్లు మరికొందరు. ఇద్దరికీ కావాల్సింది అదే లోయ, అదే వాలు, చాలాసార్లు అదే రోజు. నేల ఎస్టేటుది. దాని మీద నడిచే, సైకిల్ తొక్కే హక్కు ప్రజలది. అక్కడి జింకను కాల్చే హక్కు మళ్లీ ఎస్టేటుదే. ఇలా ఒకే నేల మీద రెండు హక్కులు ఎదురుపడ్డప్పుడు ఎవరో ఒకరు పూర్తిగా తప్పుకోవాలన్న వాదన రెండు వైపులా వినిపిస్తూనే ఉంటుంది. ఆ అవసరం లేదు. సైక్లిస్టు ఎస్టేటును అనుమతి అడగనక్కర్లేదు, కానీ ఇవాళ వేట ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. ఎస్టేటు దారి మూయకూడదు, కానీ ఏ రోజు ఏ వాలు వదిలి వెళ్లాలో స్పష్టంగా చెప్పాలి. ఈ రెండు పనులూ జరిగిన చోట వేట సీజన్లోనూ సైకిలు ఆగాల్సిన పని లేదు.

మన దేశపు చట్టాలకు అలవాటుపడిన వాళ్లకు ఇది వింతగా తోస్తుంది. నల్లమలలో పులుల అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. అడవి జంతువును వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. స్కాట్లాండ్‌లో రెండు విషయాలూ వేరు. అక్కడి పార్లమెంటు 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం ఇంటి ఆవరణ, పైరు నిలిచిన పొలం లాంటి కొన్ని చోట్లు మినహా దాదాపు దేశమంతటా, ప్రైవేటు ఎస్టేట్లతో సహా, ఎవరైనా నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు, గుర్రమెక్కి తిరగవచ్చు. మోటారు వాహనాలకు మాత్రం ఈ హక్కు లేదు. 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ఈ హక్కుకు చట్టం పెట్టిన షరతు ఒక్కటే: దాన్ని బాధ్యతగా వాడుకోవాలి. బాధ్యత అంటే ఏమిటో ‘స్కాటిష్ ఔట్‌డోర్ యాక్సెస్ కోడ్’ అనే నియమావళి విడమరిచి చెబుతుంది. జింకల వేట జరిగే చోటు తెలుసుకోవడానికి వీలైనంత ప్రయత్నించాలని, ఎస్టేటు చూపిన మరో దారిని పరిగణించాలని, వేట సాగుతున్న నేలకు అడ్డంగా వెళ్లకూడదని అది జనానికి చెబుతుంది. వేట ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తెలియజేసి, వెళ్లడానికి వేరే దారి చూపమని ఎస్టేట్లకూ చెబుతుంది.

ఈ వేట ఎలా సాగుతుందో తెలిస్తే ఆ నియమాలు ఎందుకు వచ్చాయో అర్థమవుతుంది. ఇక్కడ ప్రధానంగా వేటాడేది రెడ్ డీర్‌ను. మన కణుజు కుటుంబానికే చెందిన ఈ జింక బ్రిటన్ నేల మీద తిరిగే అడవి జంతువుల్లో అన్నిటికంటే పెద్దది. దీన్ని కుక్కలతో తరమరు, పొంచి వెళ్లి కాలుస్తారు. వేటకు వచ్చిన అతిథిని ఎస్టేటులో జీతానికి పనిచేసే స్టాకర్ నడిపిస్తాడు. పొద్దున్నే గాలి ఎటు వీస్తోందో చూసి, ఏ వైపు నుంచి కొండెక్కాలో అతనే నిర్ణయిస్తాడు. దూరం నుంచి టెలిస్కోపులో మందను వెతికి, అందులో ముసలిదో బలహీనమైనదో ఒక జింకను ఎంచుతాడు. చివరి కొన్ని వందల మీటర్లు ఇద్దరూ తడి పీట్ నేల మీద, మోకాలెత్తు హెదర్ పొదల చాటున, బోర్లా పాకుతూ పోవాలి. మంద అంచున ఉన్న ఒక్క ఆడజింక తలెత్తితే చాలు, అది మళ్లీ మేతలో పడేదాకా కదలకుండా అలాగే పడుకోవాలి. గాలి తిరిగి మనిషి వాసన అటు తగిలిందా, మంద మొత్తం గట్టు దాటిపోతుంది. గురి కుదిరితే ఒక్క గుండుతో పని ముగుస్తుంది. ఆ తర్వాత అక్కడే పేగులు తీసేసి, కళేబరాన్ని పొట్టి గుర్రం మీదనో ఎనిమిది చక్రాల బండి మీదనో కిందికి దింపి, చల్లటి గదిలో వేలాడదీసి మాంసానికి అమ్ముతారు.

ఇంత ఓపికతో సాగే పనిని చెడగొట్టడానికి సైక్లిస్టుకు దురుద్దేశం ఉండనక్కర్లేదు. గట్టు మీద నుంచి సన్నటి కాలిబాటలో దూసుకొచ్చే సైకిలు చప్పుడు లేకుండా వస్తుంది, హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. జింకకు తేరుకునే వ్యవధి ఉండదు. పైగా నడిచే మనిషి రోజంతా ఒక ఎస్టేటు కూడా దాటలేకపోవచ్చు. సైకిలు మీదున్నవాడు అదే రోజులో రెండు మూడు ఎస్టేట్లు చుట్టి రాగలడు, అంటే రెండు మూడు చోట్ల వేటకు అడ్డం పడగలడు. అయితే ఇందులోనే సైక్లిస్టుకు అనుకూలమైన సంగతీ ఉంది. లోయ అడుగున ఉన్న వెడల్పాటి మట్టిరోడ్డు మీద రోజూ ఒకే తీరున వచ్చిపోయే మనుషులకు జింకలు చాలావరకు అలవాటుపడతాయి. అవి బెదిరేది అనుకోని చోట అనుకోని మనిషి కనబడ్డప్పుడు. కాబట్టి ఇక్కడ తేల్చాల్సింది సైకిలు వెళ్లవచ్చా లేదా అన్నది కాదు. ఏ దారిన వెళ్లాలన్నదే. వేట ఉన్న రోజు పెద్ద దారిని పట్టుకుని ఉండి, జింకలు తలదాచుకునే కొండ గుంటల్లోకి, వాటి పైనుంచి దిగే బాటల్లోకి వెళ్లకపోతే సమస్యలో అధిక భాగం అక్కడే తీరుతుంది. అంతకీ ఆ గుంటలోంచే దిగాలనుకుంటే మరో రోజు రావచ్చు. చక్రాలున్నవాడికి ఇరవై కిలోమీటర్ల చుట్టుదారి గంటన్నర పని. కాలినడకన వచ్చినవాడికి అది ఒక రోజు, పాకుతూ వెళ్లిన స్టాకర్‌కు పోయేది రోజంతా పడ్డ కష్టం. తక్కువ నష్టంతో తప్పుకోగలిగినవాడు తప్పుకోవడం న్యాయం.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది: ధనవంతుల సరదా కోసం సామాన్యుడు దారి మార్చుకోవాలా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం, దాని వెనక చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో హైలాండ్స్‌లో ఎన్నో గ్రామాల రైతులను వెళ్లగొట్టి గొర్రెలను, ఆ తర్వాత వేట కోసం జింకలను ఆ నేలల్లో నింపారు. 1847లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హటన్ బాల్ఫర్ శిష్యులతో కలిసి గ్లెన్ టిల్ట్ అనే లోయ మీదుగా వస్తుంటే అథోల్ డ్యూకు తన మనుషులతో అడ్డగించాడు. ఆ గొడవ కోర్టుకెక్కింది, ఆ దారి నేటికీ ప్రజలదే. 1880లలో విశాలమైన జింకల వేట నేలలను కౌలుకు తీసుకున్న విలియం వైనన్స్ అనే అమెరికన్ కోటీశ్వరుడు కింటెయిల్ ప్రాంతంలో ఒక పేదవాడి పెంపుడు గొర్రెపిల్ల తన నేల మీద మేసిందని దావా వేసి, 1885లో ఓడిపోయాడు. ఈనాటికీ స్కాట్లాండ్ గ్రామీణ ప్రాంతపు ప్రైవేటు భూమిలో సగం ఐదు వందల కంటే తక్కువమంది చేతుల్లోనే ఉంది. ఇది అన్యాయం అనేవాళ్లతో వాదించాల్సిన పని లేదు. కానీ ఆ అన్యాయానికి మందు భూసంస్కరణ, పన్నులు, గ్రామసంఘాలు భూమి కొనుక్కునే హక్కు. సెప్టెంబరులో ఒక రోజు వేటను చెడగొడితే భూమి ఎవరి చేతిలోంచీ కదలదు. పోయేది కూలికి కొండెక్కిన స్టాకర్ రోజు.

అసలు జింకల వేటను సరదా అని మాత్రమే చూడటం సగం నిజం. స్కాట్లాండ్‌లో తోడేళ్లు, పిల్లి కుటుంబానికి చెందిన లింక్స్ అంతరించి శతాబ్దాలైంది. జింకను తినే పెద్ద జంతువు ఒక్కటీ మిగల్లేదు. 1990లో అన్ని జాతులూ కలిపి సుమారు 5 లక్షలున్న జింకలు ఇప్పుడు దాదాపు 10 లక్షలకు చేరి ఉంటాయని అంచనా. పైన్, బర్చ్, రోవన్ మొక్క నేలలోంచి తల ఎత్తగానే జింక నోట్లో పడుతుంది. ముసలి చెట్లు కూలిపోతుంటే వాటి చోట నిలిచే పిల్ల చెట్టు ఉండదు. చాలా కొండలు నేడు బోడిగా కనబడటానికి ఇదొక ముఖ్య కారణం. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ సంస్థ 1995లో కొన్న మార్ లాడ్జ్ ఎస్టేటులో జింకల సంఖ్యను గట్టిగా తగ్గించాక, దశాబ్దాలుగా మొలకెత్తని పైన్ అడవి మళ్లీ తనంతట తానే లేచింది. గ్లెన్ ఫెషీ లోయలోనూ అదే జరిగింది. జింకను ప్రేమించేవారికి ఈ మాట కష్టంగా ఉంటుంది. కానీ మేతకు మించి పెరిగిన మంద శీతకాలంలో ఆకలితో చనిపోతుంది, అడవినీ తనతో తీసుకుపోతుంది. కొండ మీద చెట్టు చూడాలనుకునే సైక్లిస్టుకు స్టాకర్ ప్రత్యర్థి కాడు.

దీనికి వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది: పది లక్షల జింకలుంటే ఒక రోజు వేట తప్పితే ఏమవుతుంది? ఒక్క రోజు, ఒక్క సైకిలు అయితే నిజంగానే ఏమీ కాదు. కాకపోతే సైక్లిస్టులు ఒక్కరు కారు. శనివారం ఒక ప్రసిద్ధ దారిలో ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. అటుపక్క వేటకు దొరికే సమయం చాలా తక్కువ. మగజింకల వేట సంప్రదాయంగా అక్టోబరు 20తో ముగుస్తుంది. ఆడజింకల వేట అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అంటే పగలు ఏడెనిమిది గంటలకు కుదించుకుపోయే నెలల్లో. అందులో పొగమంచు రోజులు, గాలి ఎదురు తిరిగిన రోజులు తీసేస్తే ఒక కొండకు పనికొచ్చే రోజులు ఎన్నో మిగలవు. ఆదివారం సాధారణంగా వేట ఉండదు. మంద సంఖ్య తగ్గాలంటే ముఖ్యంగా ఆడజింకలే తగ్గాలి, కాబట్టి చలికాలపు రోజు ఇంకా విలువైనది. అంతేకాదు, పదే పదే బెదిరిన మంద గాలిలో కలిసిపోదు. పక్క ఎస్టేటులోకో, దిగువ అడవిలోకో పోయి అక్కడి మొలకలను మేస్తుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, దానికి ఎస్టేట్లే జవాబు చెప్పాలి. జూలైలో గేటుకు ‘వేట జరుగుతోంది, లోపలికి రావద్దు’ అని బోర్డు తగిలించి శీతకాలం దాకా తీయని చోట్లున్నాయి. తేదీ లేదు, పటం లేదు, ఫోను నంబరు లేదు. ఇది సమాచారం కాదు, దారి మూయడానికి దొంగచాటు పద్ధతి. జనాన్ని రానివ్వకుండా చేయడమే ముఖ్య ఉద్దేశంగా బోర్డులు, అడ్డంకులు పెట్టడాన్ని 2003 చట్టం నిషేధించింది. ప్రజల హక్కును నిలబెట్టే బాధ్యతను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. పైగా అలాంటి బోర్డు వేటకే చేటు. అబద్ధమాడే బోర్డును ఒకసారి దాటి వెళ్లి, లోపల ఎవరూ లేరని చూసినవాడు రేపు నిజం చెప్పే బోర్డునూ నమ్మడు. మంచి బోర్డు ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు: ఈ వారం ఫలానా రోజుల్లో ఫలానా వాలు మీద వేట, లోయ దారి మాత్రం తెరిచే ఉంటుంది, సందేహముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. దీనికి దారి చూపిన ఎస్టేటూ ఉంది. లెటర్‌యూ ఎస్టేటు యజమాని, డచ్ వ్యాపారి పాల్ వాన్ వ్లిసింగెన్, కొండల్లో నడిచేవారి సంఘాలతో వచ్చిన గొడవల తర్వాత 1993లో వాళ్లతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాడు. ప్రజల రాకను ఎస్టేటు అంగీకరించింది, వేట సీజన్లో జాగ్రత్తను ప్రజలు అంగీకరించారు. చట్టం రావడానికి పదేళ్ల ముందే రెండు పక్షాలూ ఒక మాట మీదికి రాగలవని అది చూపింది.

ఈ మధ్య వచ్చిన ఒక మార్పు ఈ అవసరాన్ని ఇంకా పెంచింది. జింకల సంఖ్యను తగ్గించడానికి స్కాట్లాండ్ ప్రభుత్వం 2023 అక్టోబరులో మగజింకలకు ఉన్న వేట విరామ కాలాన్ని ఎత్తేసింది. ఇప్పుడు చట్టరీత్యా వాటిని ఏడాది పొడవునా కాల్చవచ్చు. అతిథులతో సాగే సంప్రదాయ వేట ఇంకా ఎక్కువగా శరదృతువులోనే జరుగుతున్నా, ఫలానా తేదీల మధ్య జాగ్రత్తపడితే చాలన్న పాత లెక్క చెల్లదు. ఏడాదంతా వేట ఉండవచ్చు కాబట్టి ఏడాదంతా జనం దూరంగా ఉండాలని ఎవరైనా అంటే ప్రజల హక్కు కాగితం మీదే మిగులుతుంది. క్యాలెండర్‌తో తేలని ఈ వ్యవహారాన్ని ఏ రోజు, ఏ కొండ అన్న సమాచారమే తేల్చగలదు.

ఆచరణలో ఇదెంత సులువో గ్లెన్ టిల్ట్‌నే తీసుకుని చూడవచ్చు. బ్లెయిర్ అథోల్ ఊరి నుంచి బ్రేమార్ దాకా నలభై కిలోమీటర్లకు పైగా సాగే ఈ దారి మౌంటెన్ బైకర్లకు ఎంతో ఇష్టం. మొదట టిల్ట్ నది పక్కనే వెడల్పాటి ఎస్టేటు రోడ్డు, ఆ తర్వాత నిటారు వాలు మీద సన్నటి బాట, చివరికి మార్ లాడ్జ్ నేల. తరతరాలుగా ప్రజలదైన దారి కాబట్టి వేట రోజుల్లోనూ దీని మీద నేరుగా వెళ్లిపోవడానికి అడ్డేమీ లేదు. జాగ్రత్త అవసరమయ్యేది దారి వదిలి ఇరువైపులా ఉన్న వాలుల్లోకి ఎక్కేటప్పుడు. ముందు రోజు రాత్రి ‘హెడింగ్ ఫర్ ద స్కాటిష్ హిల్స్’ వెబ్‌సైట్ చూడటం, అందులో వివరం లేకపోతే ఎస్టేటుకు ఒక ఫోన్ చేయడం, దారి మొదట్లోని బోర్డు చదవడం, స్టాకర్ ఎదురైతే ఆగి మాట్లాడటం, పనంతా ఇంతే. గ్లాస్గో, ఎడిన్‌బరోలలో చదువుకుంటూ సెలవుల్లో హైలాండ్స్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడ గేటు కనబడగానే వెనక్కి తిరగనక్కర్లేదు, అలాగని బోర్డు చదవకుండా లోపలికి పోకూడదు.

స్కాట్లాండ్ తన ప్రజలకిచ్చిన ఈ హక్కు ప్రపంచంలో చాలా దేశాల వారికి లేదు. ఒకరిని అడగకుండా కొండెక్కగలగడం చిన్న సంగతి కాదు, దానికోసం అక్కడి జనం నూట యాభై ఏళ్లకు పైగా కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ కొట్లాడారు. అలాంటి హక్కును నిర్లక్ష్యంతో వాడితే దాన్ని కుదించాలనేవారికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. వేటను సాకుగా చూపి దారులు మూసే ఎస్టేటు కూడా అంతే, తన వేటకు ఉన్న మిగిలిన మద్దతును తానే పోగొట్టుకుంటుంది. కాబట్టి స్కాట్లాండ్ ప్రభుత్వం ఒక పని చేయాలి: సీజన్లో రోజువారీ వేట వివరాలు బయటపెట్టడాన్ని ఎస్టేట్ల ఇష్టానికి వదలకుండా, ప్రతి ఎస్టేటుకూ తప్పనిసరి చేయాలి. ఆ వివరం చేతిలో ఉండీ వేట సాగుతున్న వాలులోకి సైకిలు దించినవాడికి అప్పుడు చెప్పుకోవడానికి ఏ సాకూ ఉండదు.