అప్‌డేట్ ఎక్కడ ఆగింది?

శాంసంగ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, అట్టడుగున ఉండే ‘అబౌట్ ఫోన్’లోంచి సాఫ్ట్‌వేర్ వివరాల్లోకి వెళితే మూడక్షరాల కోడ్ ఒకటి కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా అమ్మిన ఫోనైతే టీఈఎల్, ఆప్టస్‌దైతే ఓపీఎస్, వొడాఫోన్‌దైతే వీఏయూ. ఏ నెట్‌వర్క్‌తోనూ ముడిపడకుండా బయటి షాపులో కొన్నదైతే ఎక్స్ఎస్ఏ. మామూలుగా ఈ కోడ్ ఎవరికీ పట్టదు. కానీ కొత్త ఆండ్రాయిడ్ ఎప్పుడు చేతికొస్తుందన్నది ఏళ్లపాటు దాని మీదే ఆధారపడింది. ఒకే మోడల్ ఫోన్లు రెండు ఒకే ఇంట్లో ఉన్నా, ఒకదానికి అప్‌డేట్ వచ్చి రెండోదానికి వారాల తరబడి రాకపోవడం అక్కడ మామూలే.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. గూగుల్ కొత్త ఆండ్రాయిడ్ విడుదల చేస్తే, చిప్ తయారుచేసేవాళ్లు దాన్ని తమ చిప్‌కు తగ్గట్టు మార్చాలి. ఫోన్ కంపెనీ తన హంగులు చేర్చాలి. ఆ తర్వాత టెలికాం కంపెనీ తన టవర్ల మీద పరీక్షించి సరేననాలి. 2010లో టెల్‌స్ట్రా అమ్మిన హెచ్‌టీసీ డిజైర్ కొన్నవాళ్లకు ఇది బాగా అనుభవమైంది. ఆ మేలోనే గూగుల్ ‘ఫ్రోయో’ను ప్రకటించినా, వాళ్లు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. తర్వాత్తర్వాత టెలికాం కంపెనీలు ఏ మోడల్ అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో చెప్పే పట్టికలు పెట్టడం మొదలుపెట్టాయి. ‘పరీక్షలో ఉంది’ అన్న మాట చూసీ చూసీ విసిగిపోయిన కొందరు, కంప్యూటర్‌కు తగిలించి సొంతంగా ఎక్స్ఎస్ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునేవారు. యాపిల్ మాత్రం 2007లో తొలి ఐఫోన్ నుంచీ అప్‌డేట్ల తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.

టెలికాం కంపెనీల తాళం లేకపోతే అంతా సుఖమేనా అంటే, అదీ కాదు. 2012లో ఐఓఎస్ 6 అప్‌డేట్‌తో గూగుల్ మ్యాప్స్ పోయి యాపిల్ సొంత మ్యాప్స్ వచ్చాయి. వాటిలో విక్టోరియా రాష్ట్రంలోని మిల్డ్యూరా పట్టణం అసలు చోటికి 70 కిలోమీటర్ల దూరాన, మర్రే-సన్‌సెట్ నేషనల్ పార్క్ నడిమధ్యన తేలింది. ఎండ 46 డిగ్రీలదాకా వెళ్లే ఆ ప్రాంతంలో నీళ్లు దొరకవు. ఫోన్ నమ్ముకుని వెళ్లి చిక్కుకుపోయిన వాళ్లను కాపాడాల్సి రావడంతో, డిసెంబరులో విక్టోరియా పోలీసులే ఆ మ్యాప్స్‌ను నమ్మవద్దని హెచ్చరించారు.

బయట రిపేరు చేయించిన కొన్ని ఐఫోన్లు అప్‌డేట్ వేయగానే ‘ఎర్రర్ 53’ అంటూ మూగబోయిన ఉదంతం మరొకటి. బయట బాగుచేయించారు కాబట్టి మా బాధ్యత లేదని యాపిల్ చెప్పడం చెల్లదంటూ 2018 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఆ సంస్థకు 90 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

కాబట్టి పరీక్షలు కావాలన్న టెలికాం కంపెనీల వాదనలో పస లేకపోలేదు. ముఖ్యంగా మన 112 లాంటి అక్కడి అత్యవసర నంబరు 000 విషయంలో. కాలర్ సొంత నెట్‌వర్క్ పడిపోతే, ఫోన్ అందుబాటులో ఉన్న మరో కంపెనీ టవర్‌ను పట్టుకుని ఆ కాల్ కలపాలి. ఎలా వెతకాలో చెప్పేది ఫోన్‌లోని సాఫ్ట్‌వేరే. అయితే ఇన్ని పరీక్షల జల్లెడలోంచి కూడా జారిపోయిన లోపం ఒకటి, అది కూడా 000కు సంబంధించిందే, తర్వాత బయటపడింది.

వొడాఫోన్ నెట్‌వర్క్ నడిపే టీపీజీ 2024 ఆరంభానికల్లా 3జీని కట్టేసింది. టెల్‌స్ట్రా, ఆప్టస్ గడువు జరిపి, చివరికి 2024 అక్టోబరు 28న మూసివేత మొదలుపెట్టాయి. మామూలు కాల్స్‌కు 4జీ వాడుతూ అత్యవసర కాల్‌కు మాత్రం 3జీకి దిగే ఫోన్లు చాలా ఉన్నాయని అంతకుముందే తేలింది. 000 కలపలేని ఫోన్‌కు అసలు సర్వీసే ఇవ్వకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొని తెచ్చుకుని ఆస్ట్రేలియా సిమ్ వేసుకున్న ఫోన్లకూ ఈ బెడద తప్పలేదు. ఫోన్ పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి 3498కి ‘3’ అని మెసేజ్ పెట్టమనేవారు.

అది అయిపోయిందనుకుంటే, ఏడాది తర్వాత 2025 అక్టోబరులో శాంసంగ్ పాత ఫోన్ల సంగతి బయటికొచ్చింది. టెల్‌స్ట్రా, ఆప్టస్ సిగ్నల్స్ రెండూ లేనప్పుడు కొన్ని మోడళ్లు 000 కోసం వొడాఫోన్ 3జీని మాత్రమే వెతికేలా సాఫ్ట్‌వేర్ రాసి ఉంది. ఆ 3జీ ఎప్పుడో పోయింది. పక్కనే వొడాఫోన్ 4జీ పనిచేస్తున్నా ఆ ఫోన్ దాని జోలికి వెళ్లదు. జాబితాలో డెబ్బయ్యికి పైగా మోడళ్లున్నాయి. చాలావాటికి అప్‌డేట్ చాలు. గెలాక్సీ ఎస్6, ఎస్7 లాంటివాటికి ఆ దారీ లేదు, మార్చుకోవాల్సిందే. ఒకప్పుడు అప్‌డేట్‌ను ఆపిన కంపెనీలే ఇప్పుడు చేసుకోండి బాబూ అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పంపాయి. వినకపోతే కొన్ని వారాల్లో ఫోన్‌ను నెట్‌వర్క్ నుంచి తీసేస్తామన్నాయి.

నవంబరు 13న సిడ్నీలో లెబారా సిమ్ వాడే ఒక వ్యక్తి మరణించారు. వారి శాంసంగ్ ఫోన్ నుంచి 000కు చేసిన కాల్స్ కలవలేదనీ, అందులో పాత సాఫ్ట్‌వేర్ ఉందనీ లెబారాకు నెట్‌వర్క్ ఇచ్చే టీపీజీ అయిదు రోజుల తర్వాత వెల్లడించింది.

ఇప్పుడు పరిస్థితి కొంత నయం. 2017లో గూగుల్ తెచ్చిన ‘ప్రాజెక్ట్ ట్రెబుల్’ ఆండ్రాయిడ్‌ను చిప్ సాఫ్ట్‌వేర్ నుంచి విడదీసి అప్‌డేట్ల పని తేలిక చేసింది. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 మొదలు ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఉంది. అమ్మానాన్నలకు పాత ఫోన్ అప్పగించే అలవాటున్న ఇళ్లలో మాత్రం ఆ ఫోన్ మోడల్ ఏమిటో, చివరి అప్‌డేట్ ఎప్పుడు పడిందో ఒకసారి చూసుకోవాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని 000కే ఫోన్ చేయొద్దని మాత్రం అక్కడి అధికారులు పదేపదే చెబుతున్నారు.