అయిదు పూసల దండ

మీ బామ్మ చేతిమీది చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లిగా పైకెత్తి వదలండి. అది వెంటనే సర్దుకోదు. మీ చేతిమీద చర్మమైతే చటుక్కున సర్దుకుంటుంది. ఈ తేడా ఎందుకో తెలుసా?

చర్మం లోపలి పొరలో సన్నని పోగులుంటాయి. వాటిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మంచానికి నవారు ఎలాటిదో, చర్మానికి ఈ పోగులు అలాటివి. వయసు పెరిగినకొద్దీ, ఎండ తగిలినకొద్దీ పాతపోగులు తెగుతాయి. కొత్తవి తయారుకావటం తగ్గుతుంది. నవారు వదులైనట్టే చర్మమూ వదులై ముడతలు పడుతుంది.

కొల్లాజెన్ అణువు మూడు పేటలు పేనిన తాడులాగా ఉంటుంది. 1954-55లో ఈ సంగతి చెప్పినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఒక్కొక్క పేటా సుమారు 1000 పూసల దండ. ఆ పూసలను ఎమినో ఆమ్లాలంటారు. కొద్ది పూసలే గల చిన్న దండ పేరు పెప్టైడ్.

కొల్లాజెన్ తయారయేటప్పుడు దాని కొసను ఉండే భాగంలో ఒక అయిదు పూసల ముక్క ఉన్నది. 1993లో శాస్త్రజ్ఞులు ఆ ముక్కను ప్రయోగశాలలో పెంచిన కణాలకు అందించారు. "పోగులు తెగాయి, కొత్తవి కావాలి!" అని కబురందినట్టుగా, ఆ కణాలు ఎక్కువ కొల్లాజెన్ తయారుచేశాయి.

ఇప్పుడు కర్మాగారాల్లోనే ఈ అయిదు పూసలనూ వరసగా గుచ్చుతున్నారు. చర్మపు పైపొర జిడ్డుగా ఉండి, నీటిలో కరిగే వాటిని సులువుగా లోపలికి పోనివ్వదు. అందుకని ఈ దండకు కొవ్వు ఆమ్లాన్ని తోకలాగా తగిలించి, ముడతల క్రీముల్లో కలుపుతారు.

ఇది పనిచేస్తుందా? 2005లో ప్రకటించిన ఒక పరీక్షలో 93 మంది స్త్రీలు 12 వారాలపాటు ముఖానికి ఒక పక్క పెప్టైడ్ ఉన్న క్రీమూ, రెండో పక్క అది లేని క్రీమూ రాసుకున్నారు. ఏ పక్క ఏది ఉన్నదో వారికి తెలియదు. పెప్టైడ్ ఉన్న పక్క సన్నని ముడతలు కొంచెం తగ్గాయి. కొంచెమే సుమా! పైగా ఆ పరీక్ష చేసినది క్రీములమ్మే కంపెనీవారే.

మీకు ఈ క్రీములతో పనిలేదు. మీ చర్మం తనకు కావలసిన పోగులను తానే తయారుచేసుకుంటున్నది. పెద్దవాళ్లకైనా, తెగిన పోగును మళ్లీ తెచ్చుకోవటం కన్న తెగకుండా చూసుకోవటమే తేలిక. ఈసారి బామ్మ ఎండలో బయలుదేరితే గొడుగు అందివ్వండి. మీరూ ఆ గొడుగు కిందనే నడవండి.