ఇంటి శివారుకు వైఫై

కోనసీమలోని మా మేనత్తగారి యిల్లు పాతకాలపు మండువా లోగిలి. ఆమె కుమారుడు కువైటులో ఉద్యోగము చేయుచున్నాడు. ప్రతి శుక్రవారము సెలవు దొరకగానే తల్లితో ఫోనులో ముఖము చూచుచు మాట్లాడును. మోకాళ్ళ నొప్పులు ముదిరి ఆమె వెనుకగదిలోని మంచమునకే పరిమితమైన తరువాత ఆ ముచ్చటకు విఘాతము కలిగినది. ఆ గదిలో బొమ్మ కదలక నిలిచిపోవును. మాట సగములో తెగిపోవును. "అమ్మా, వినబడుతోందా?" అని అతడు, "ఏమిట్రా, మళ్ళీ చెప్పు" అని ఆమె; ఉన్న కాసేపు ఇందులోనే గడచిపోయెడిది. నెలకు మరికొంత సొమ్ము చెల్లించి వేగము పెంచుకొన్నారు. ప్రయోజనము లేకపోయినది. ఆ యింట కొరవడినది వేగము కాదు, దారి.

ఈ సంగతి డెల్టా రైతునకు తేలికగా బోధపడును. 1847లో పని మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టవలన గోదావరి నీరు ఊరూర పారినది. అయినను కాలువ తలదగ్గర పుష్కలముగా నున్న నీరు శివారు చేలకు చేరునప్పటికి సన్నగిల్లుట నేటికిని చూచుచున్నాము. అట్టి రైతు ముందుగా విచారించునది ఒక్కటే: కాలువలో నీరు లేదా, లేక బోదెలో అడ్డమున్నదా? ఇంటర్నెట్టు విషయములోను మొదట వేసికొనవలసిన ప్రశ్న యిదియే.

మన పల్లెలకు ఈ కొత్త కాలువ వచ్చి ఎంతో కాలము కాలేదు. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున, ఇంటింటికి ఫైబరు తీగద్వారా ఇంటర్నెట్టు నందించు ప్రభుత్వ ప్రయత్నము మొదలైనది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్డును ప్రారంభించినారు. నేల త్రవ్వుటకు మారుగా విద్యుత్ స్తంభములమీదుగా తీగలు లాగుట ఈ పథకములోని విశేషము. ప్రైవేటు సంస్థల తీగలును పల్లెలకు చేరినవి. సన్నని గాజుపోగులో వెలుగుగా ప్రయాణించి వచ్చిన వార్త మన యింటిలోని పెట్టెలో విద్యుత్తుగా మారి, రౌటరునుండి రేడియో తరంగముగా వెలువడును. అక్కడినుండి గదిగదికి చేరవలసినది బోదె నీరు.

పరీక్ష సులభము. రౌటరునకు నాలుగడుగుల దూరమున నిలిచి ఫోనులో వేగము చూడుడు. పిదప వెనుకగదికి పోయి చూడుడు. రెండుచోట్లను మందముగా నున్నచో లోపము వచ్చు తీగలోనిది, సంస్థవారికి చెప్పుకొనవలెను. దగ్గర బాగుండి దూరమున చెడినచో లోపము ఇంటిలోనిదే. అప్పుడెంత సొమ్ము అదనముగా చెల్లించినను శివారు తడవదు.

ఇక అడ్డమెట్లు కలుగునో చూతము. రేడియో మధ్యతరంగముల నిడివి దాదాపు 190 నుండి 560 మీటర్ల వరకు ఉండును. అంతటి తరంగమునకు ఇల్లును చెట్టును లెక్కలోనివి కావు. వైఫై తరంగములు పొట్టివి. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది ఆరు సెంటీమీటర్లు. రెండింటిలో ఒక్కటియు జానెడైన లేదు. 1895లో జగదీశ చంద్రబోసు కలకత్తాలో ఇంతకంటెను పొట్టి తరంగములతో దూరముననున్న గంటను మ్రోగించి చూపెను. గోడ దాటుట అసాధ్యము కాదు. దాటిన ప్రతిసారియు కొంత బలము నచ్చట విడువవలసి వచ్చును. అసలే రౌటరు బలము సుమారు ఒక వాటులో పదవవంతు. ఆరుబయట సైతము దూరము రెట్టింపైనచో అందు బలము నాల్గవవంతగును.

మూరెడు మందపు పాతగోడ ఈ తరంగమును బాగుగా అణచును. డాబా యింటి శ్లాబులోని ఇనుప ఊచలు పై అంతస్తునకు అడ్డగించును. ఇనుప బీరువా, లోహపు పూతగల నిలువుటద్దము తరంగమును వెనుకకు త్రిప్పును. నీరు దానిని పీల్చుకొనును. కావున చేపల తొట్టి, నీళ్ళ ట్యాంకు, వానకు తడిసిన కొబ్బరిమట్టలు కూడ అడ్డములే.

చేయవలసిన పనులు కొన్నియే. రౌటరును ఇంటి నడుమ, మనిషి ఎత్తున, అడ్డములేని తావున ఉంచవలెను. దాని కొమ్మలవంటి ఏరియళ్ళను నిలువుగా నుంచినచో తరంగము నలుప్రక్కలకు పరచుకొనును; మేడమీదికి కావలసినచో ఒకదానిని ప్రక్కకు వంచి చూడవచ్చును. దూరపు గదికి 2.4 మేలు; దగ్గర గదిలో వేగమునకు 5 మేలు. రాజమహేంద్రవరమువంటి పట్టణములలో వాటాల యిండ్ల రౌటర్లు ఒకదాని మాట కొకటి అడ్డు తగులును. అట్టిచోట 2.4 తరగతిలోని 1, 6, 11 చానళ్ళలో రద్దీ తక్కువైనదానిని ఎన్నుకొనవలెను.

ఇంతటితో చాలనప్పుడు కొందరు రిపీటరు కొని, సిగ్నలు అందని గదిలోనే తగిలించుచున్నారు. ఎండిన బోదెలో ఇంజను పెట్టి నీరు తోడబోవుట వంటిది ఇది. సిగ్నలు ఇంకను బాగుగానున్న నడిమి తావున దానిని ఉంచవలెను. ఒకే చానలులో వినుచు, తిరిగి చెప్పుచునుండు రిపీటరు వేగమును ఇంచుమించు సగము హరించునని మరువరాదు. వీలున్నచో దూరపు గదివరకు తీగ లాగి, అచ్చట రెండవ రౌటరును పెట్టుట అన్నిటికన్న నమ్మకమైనది. కరెంటు పోయినను మాట తెగకుండ రౌటరునకు చిన్న బ్యాటరీ పెట్టెయు దొరకును. ఉరుములు మెరుపుల వేళ మాత్రము ప్లగ్గు తీసివేయుట క్షేమము.

మేనత్తగారింట తీగ వీధివైపున వచ్చినందున రౌటరును అక్కడి హాలులోనే, టీవీ వెనుక, ఇనుప బీరువా ప్రక్కన పెట్టినారు. అక్కడికిని ఆమె మంచమునకును నడుమ రెండు మందపు గోడలు. పది పన్నెండు గజముల తీగ తెప్పించి, రౌటరును మండువా స్తంభమునకు, వానజల్లు సోకని ప్రక్కను, ఎత్తుగా బిగించితిమి. మండువా నడుమనున్న ఖాళీయే తరంగమునకు బాటయై, తెరచిన తలుపుగుండ వెనుకగదిలోనికి చేరినది. పూర్వులు గాలికి వెలుతురుకు విడిచిన చోటు ఇట్లును అక్కరకు వచ్చినది.

తరువాతి శుక్రవారము బొమ్మ ఆగలేదు. మేనత్త కొంతసేపు మాటాడక కొడుకు ముఖమునే చూచినది. పిమ్మట మెల్లగా, "చిక్కిపోయావురా" అన్నది.