పన్నెండు తీగల గిటారుకు ఏ కీలు?

మామూలు గిటారుకు ఆరు తీగలు. పన్నెండు తీగల గిటారులో ఒక్కోదానికి ఒక జోడీ ఉంటుంది. మంద్రంగా పలికే నాలుగు జంటల్లో జోడీ తీగ సన్నగా ఉండి, ఒక స్థాయి పైన పలుకుతుంది. మిగతా రెండు జంటల్లో రెండు తీగలదీ ఒకే స్వరం.

తీగను బిగించి శ్రుతి చేసే కీ ఎలా పనిచేస్తుంది?

వీణ బిరడను ఒక చుట్టు తిప్పితే తీగ కూడా ఒక చుట్టే చుట్టుకుంటుంది. గిటారు కీలో అలా కాదు. లోపలి మర ఒక పళ్లచక్రాన్ని నెమ్మదిగా కదుపుతుంది. 18:1 రకమైతే పిడిని 18 సార్లు తిప్పితేనే తీగ చుట్టిన కడ్డీ ఒకసారి తిరుగుతుంది. జంట తీగల్లో కాస్త తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది కనుక 14:1 కన్నా ఇదే మేలు. పైగా తీగ ఎంత లాగినా మర వెనక్కి తిరగదు.

ఏం చూసి కొనాలి?

మొదట బరువు. పన్నెండు కీలు బరువైనవైతే, ఎడమచేయి వదలగానే గిటారు తల కిందికి వాలిపోతుంది. అందుకే తేలికైనవి, చిన్న పిడులవి చూడాలి.

తర్వాత ఎడం. కడ్డీకి కడ్డీకి మధ్య దూరం కొలవకుండా కొంటే పిడులు ఒకదానికొకటి తగులుతాయి. రంధ్రాల వెడల్పూ సరిపోవాలి.

ఈ ఇరుకుకు అమెరికాలోని రికెన్‌బ్యాకర్ కంపెనీ 1960లలో ఒక ఉపాయం కనిపెట్టింది. తన 360/12 ఎలక్ట్రిక్ గిటారులో ఆరు పిడులను పక్కలకు, ఆరింటిని వెనక్కి తిప్పి పెట్టింది. తల పొడవు పెరగలేదు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1964లో వాయించింది ఈ గిటారునే.

కొత్త కీలు బిగించాక, జి స్వరం పలికే జంటలోని సన్నటి తీగతో జాగ్రత్త. పన్నెండింటిలో అన్నిటికన్నా పై స్వరం దానిదే, తెగడంలోనూ తరచూ అదే ముందు.