మాంసకృత్తుల కూటములు

జీవకణమనగా కంటికి కానరాని ఒక కర్మాగారము. అందలి పనివారు మాంసకృత్తులు. వీనినే ప్రోటీనులని కూడ వ్యవహరించుచున్నాము. ఒంటరిగా పని నెరవేర్చు ప్రోటీనులు లేకపోలేదు. కాని ముఖ్యమైన పనులలో పెక్కింటిని అనేక ప్రోటీనులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఒక్క యంత్రమువలె నిర్వహించును. చెడిపోయిన ప్రోటీనులను ముక్కలుచేయు ప్రోటియసోము అట్టి యంత్రములలో నొకటి. ఇట్టి జట్టునకు ప్రోటీను కూటమి యని పేరు. కణములో ఏయే కూటములు కలవో, ఏ కూటమియందు ఏవేవి సభ్యులో కనుగొనుట యెట్లు? గణనయంత్రము, అనగా కంప్యూటరు, ఇందుకు ఎంతవరకు తోడ్పడును? ఈ విషయమును విచారింతము.

ఇది కేవలము కుతూహలమునకై వేయు ప్రశ్న కాదు. ఫాన్‌కోనీ రక్తహీనత అను వంశపారంపర్య వ్యాధి యొకటి కలదు. ఇందు ఎముకలలోని మజ్జ క్షీణించి, రక్తకణముల ఉత్పత్తి తగ్గును; కాన్సరు భయమును హెచ్చును. ఈ ఒక్క వ్యాధికే ఒక రోగియందు ఒక జన్యువు, వేరొక రోగియందు మరియొక జన్యువు కారణముగా కనబడెను. ఆ జన్యువులు తయారుచేయు ప్రోటీనులలో పెక్కు ఒకే కూటమికి చెందినవని తేలిన పిమ్మట ఈ వింత అర్థమైనది. చక్రము విరిగినను, ఇరుసు విరిగినను బండి ఆగుట ఒక్కటే గదా! అంతేకాదు. ఆ కూటమిని కణమునుండి వేరుపరచి పరిశీలింపగా, ఆ వ్యాధితో సంబంధమున్నదని అంతవరకు తెలియని ప్రోటీనులు అందు కనిపించినవి. వానిలో ఒకదాని జన్యువు చెడినను ఇదే వ్యాధి కలుగునని 2003లో వెల్లడియైనది. జట్టు తెలిసినందున, వ్యాధికి మూలమగు క్రొత్త జన్యువు దొరకినదన్నమాట.

ఈ పరిశోధనలకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఎన్నుకొన్న జీవి, రొట్టెపిండిని పులియజేయు ఈస్టు. దాని సంపూర్ణ జన్యుపటము 1996లో ప్రకటింపబడినది. అందు సుమారు 6,000 జన్యువులు కలవు. అనగా ప్రోటీనులును ఇంచుమించు అన్నియే యనుకొనవచ్చును. ఇందు ఏ రెండు ఒకదానినొకటి అంటుకొనునో పరీక్షించు ఉపాయమొకటి 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యూ సాంగ్ అనువారు కనిపెట్టిరి. మరియొక పద్ధతి జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున 1999లో వెలువడినది. ఇందు ఒక ప్రోటీనుకు చిన్న తోకవంటి గుర్తును తగిలించి, దానిని ఎరగా వాడుదురు. ఆ తోకను పట్టి బయటకు లాగినప్పుడు దానిని అంటుకొని వచ్చిన ప్రోటీనులను, వాని ముక్కల బరువునుబట్టి గుర్తింతురు.

ఈ పరీక్షల ఫలితమును చుక్కలతోను గీతలతోను చూపవచ్చును. ప్రతి ప్రోటీను ఒక చుక్క. అంటుకొను రెండింటి నడుమ ఒక గీత. ఇదియే సంబంధజాలము. 6,000 చుక్కల నడుమ గీయదగిన గీతలు దాదాపు ఒక కోటి ఎనుబది లక్షలు. ఐదేసి ప్రోటీనుల జట్లను ఎన్ని విధముల ఏర్పరుపవచ్చునో లెక్కించినచో, ఆ సంఖ్య ఆరువందల కోట్ల కోట్లను మించును. ఒక్కొక్క జట్టును పరీక్షించుట గణనయంత్రమునకైనను అసాధ్యము. కావున దానికొక యుక్తిని నేర్పవలెను.

మొదటి యుక్తి సాంద్రత. ఐదు చుక్కల నడుమ 10 గీతలకు అవకాశమున్నది. అందు 8 గీతలు నిజముగా నున్నచో సాంద్రత 0.8. గీతలు దట్టముగా నున్నచోట కూటమి యుండవచ్చునని ఊహ. దట్టమైన చోటునుండి మొదలిడి, ఇరుగుపొరుగు చుక్కలను క్రమముగా చేర్చుకొనుచు పోవు పద్ధతిని గేరీ బేడర్, క్రిస్టఫర్ హోగ్ అనువారు 2003లో ప్రకటించిరి. రెండవ యుక్తి బాటసారిది. గమ్యము లేక తిరుగు బాటసారి, సందులెక్కువై బయటికి దారులు తక్కువైన పేటలో ప్రవేశించినచో చాలసేపు అందే తిరుగాడును. సంబంధజాలమునందు అట్టి పేటలను గుర్తించు లెక్కను నెదర్లాండ్సు దేశీయుడగు స్టైన్ వాన్ డాంగెన్ 2000లో రూపొందించెను.

2006 మార్చిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధక బృందముల వ్యాసములను ప్రచురించినది. రెండు బృందములును పరీక్షించినది ఈస్టునే, వాడినది ఎరపద్ధతినే. ఒకరు 491 కూటములు కలవనిరి. మరియొకరు 547 అనిరి. సంఖ్యలు దగ్గరగానే యున్నను, ఆ పట్టికలు ఒకదానితో నొకటి సరిపోలిన భాగము స్వల్పము. కణము ఒక్కటే, పద్ధతి ఒక్కటే; కూటములు వేరగుట కేమి కారణము? పరీక్షలందు దొర్లు పొరపాట్లు కొంత కారణము. లెక్కించిన తీరులోని భేదము కొంత కారణము. వీనికంటె లోతైన చిక్కు మరియొకటి సంబంధజాలమునందే యున్నది. దానిని రేడియో శ్రోతలకు తెలిసిన ఉదాహరణముతో చెప్పెదను.

ఒక రేడియో నిలయమున వయొలిన్, మృదంగము, ఘటము వాయించు విద్వాంసులు ముగ్గురు కలరనుకొనుడు. వారు సోమవారమున ఒక గాయకునకు, గురువారమున వేరొక గాయకునకు పక్కవాద్యము వాయించిరి. కార్యక్రమ పట్టికనుండి తేదీలను తుడిచివేసి, ఎవరితో ఎవరు కూర్చుండిరో మాత్రము గీతలతో చూపుడు. ఐదుగురి నడుమ 10 గీతలకు 9 కనబడును. గాయకులిద్దరి నడుమ మాత్రమే గీత లేదు. సాంద్రత 0.9! వీరు ఐదుగురు ఒకే మేళమని గణనయంత్రము నిశ్చయించును. కాని ఆ ఐదుగురు ఏనాడును ఒకే వేదికపై కూర్చుండలేదు. ఉన్నవి రెండు మేళములు; ముగ్గురు ఉభయులకును ఉమ్మడి.

కణమునందును ఇట్లే జరుగుచున్నది. జన్యువులలోని సమాచారమునకు నకలు తీయు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు యంత్రములు ఈస్టులో ప్రధానముగా మూడు. మూడింటి పనులు వేరు. కాని ఐదు ప్రోటీనులు ఆ మూడు కూటములకును ఉమ్మడి. సాంద్రతను మాత్రమే చూచినచో మూడును కలిసి ఒక పెద్ద ముద్దగా కనబడవచ్చును. ప్రతి ప్రోటీనును ఒక్క జట్టునకే కేటాయించినచో, ఆ ఐదును ఒక కూటమికే దక్కి తక్కిన రెండును కుంటుపడును. ఈ లోపమును సవరించుటకు, ఒక ప్రోటీను అనేక కూటములలో నుండుట కంగీకరించు పద్ధతిని నెపూష్, యూ, పకనారో అనువారు 2012లో ప్రకటించిరి.

యంత్రము చూపిన కూటమి నిజమైనదో కాదో తేల్చుట కొక గీటురాయి కావలెను. పూర్వ పరిశోధనలనుండి ఏరి కూర్చిన 408 ఈస్టు కూటముల పట్టిక అట్టిది. దానితో సరిపోలినచో సంతోషమే. సరిపోలనప్పుడు అది పొరపాటైనను కావచ్చును, ఎవ్వరు నెరుగని క్రొత్త కూటమియైనను కావచ్చును. ఆ రెంటికి గల భేదమును ఏ లెక్కయు చెప్పజాలదు. మరల ప్రయోగశాలకు పోయి, ఆ ప్రోటీనులు ఒకే వేళ, ఒకే చోట చేరుచున్నవా యని కణమునే అడుగవలెను. కోట్ల కోట్ల జట్లలో అడుగదగినవి ఏ కొన్నియో చూపుటయే గణనయంత్రము చేయు మేలు. ఆ మేలు తక్కువది కాదు; కాని అది చెప్పునది అనుమానమే గాని తీర్పు కాదు.